ఎవరి మాట ప్రమాణం?

'ఎద్దు ఈనింది' అని ఒకడంటే, 'అయితే దూడను గాట కట్టేయండి' అని ఇంకొకడు అన్నాడట. ఈ సామెత విన్నప్పుడల్లా మనకు నవ్వు వస్తుంది. ఆ నవ్వు మొదటివాడిని చూసి వచ్చేది కాదు, రెండోవాడిని చూసి వచ్చేది. అబద్ధం చెప్పినవాడు ఒక మాట అని ఊరుకున్నాడు. విన్నవాడు మాత్రం క్షణమైనా ఆలోచించకుండా పని కూడా పురమాయించాడు. వినేవాడికి కూడా ఒక బాధ్యత ఉన్నదని గుర్తు చేయడానికే మన పెద్దలు ఈ సామెతను పుట్టించి ఉంటారు. చెప్పేవాడి నోటిని మనం కట్టలేం. వినే చెవికి, నమ్మే మనసుకు మాత్రం శిక్షణ ఇచ్చుకోగలం. ఆ శిక్షణ కళాశాలలో చదివే ప్రతి విద్యార్థికీ అందాలన్నది నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న మాట.

ఆ శిక్షణ కొరవడితే ఏమవుతుందో మన ప్రాంతం 2018 వేసవిలో కళ్ళారా చూసింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు ఊళ్ళలో తిరుగుతున్నాయంటూ సెల్‌ఫోన్లలో సందేశాలు, దృశ్యాలు వ్యాపించాయి. ఆ రోజుల్లో దేశమంతటా తిరిగిన దృశ్యాలలో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీ నగరంలో తీసినది. పిల్లలను జాగ్రత్తగా చూసుకోవాలని తల్లిదండ్రులకు చెప్పడానికి నటులతో చిత్రించిన అవగాహన చిత్రమది. చివరలో అసలు ఉద్దేశాన్ని తెలిపే భాగాన్ని ఎవరో తొలగించారు. మిగిలిన ముక్క నిజమైన అపహరణగా చలామణి అయింది. పొరుగు దేశపు హితబోధ మన దేశంలో భయంకరమైన వదంతిగా మారింది.

ఆ ఏడాది మే నెలలో, పూర్వపు నల్లగొండ జిల్లా నుంచి ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక ఘోరం జరిగింది. బీబీనగర్ మండలంలోని ఒక గ్రామానికి బంధువుల ఇంటికి వచ్చిన వ్యక్తిని పిల్లల దొంగ అనుకొని కొట్టి చంపారు. కొట్టినవారు వృత్తిరీత్యా హంతకులు కారు. తమ పిల్లలను కాపాడుకోవాలని ఆరాటపడిన సామాన్యులే. వారి ప్రేమ నిజమైనది, వారి భయమూ నిజమైనదే. వారు నమ్మిన వార్త ఒక్కటే అబద్ధం. ఆ వార్త ఎవరు పంపారు, వారికి ఎలా తెలిసింది, ఏ ఊళ్ళో ఏ పిల్లవాడు తప్పిపోయాడు అని ఒక్కరైనా గట్టిగా అడిగి ఉంటే ఒక నిండు ప్రాణం నిలిచేది.

అదే కాలంలో పాలమూరు నేల మీద మరొక దృశ్యం కనిపించింది. జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి తమ సిబ్బందిని గ్రామాలకు పంపి ప్రజలతో మాట్లాడించారు. మండు వేసవిలో ఆరుబయట పడుకోవలసిన జనం తలుపులు బిగించుకొని లోపల పడుకోవడం వారు గమనించారు. కారణమేమిటని ఆరా తీస్తే సెల్‌ఫోన్ సందేశాలు బయటపడ్డాయి. అప్పుడు పోలీసులు ఊరూరా తిరిగి, డప్పు చాటింపుతో, జానపద బాణీలలో కట్టిన పాటలతో, ఆ వార్తలలో నిజం లేదని చెప్పారు. అనుమానం కలిగితే చేయి చేసుకోక తమకు తెలపమన్నారు. ఆ జిల్లాలో వదంతుల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. రెండు చోట్లా ప్రజలు ఒక్కటే, భయమూ ఒక్కటే. ఒకచోట వార్తను విచారించే దారి దొరికింది, మరొకచోట దొరకలేదు.

వార్తను విచారించడమంటే ఏమిటి? ఇది పడమటి దేశాల నుంచి నిన్న మొన్న దిగుమతి అయిన విద్య కాదు. మన న్యాయదర్శనం జ్ఞానం కలగడానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను చెప్పింది. శబ్దమంటే ఇతరుల మాట ద్వారా తెలిసేది. మనకు తెలిసిన విషయాలలో అత్యధిక భాగం ఇలా తెలిసినవే. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని మనలో ఎవరూ స్వయంగా కొలిచి తెలుసుకోలేదు. కాబట్టి ఇతరుల మాట వినక తప్పదు. అయితే ఎవరి మాట? ఆప్తుని మాట అన్నారు న్యాయశాస్త్రకారులు. విషయాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఎరిగి, ఎరిగినదానిని అలాగే తెలపాలని కోరేవాడే ఆప్తుడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు మరొక అడుగు ముందుకు వేసి, ఈ లక్షణం ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా సమానమేనన్నాడు. అంటే మాటకు ప్రామాణికత పుట్టుక వల్లనో, పదవి వల్లనో రాదు. తెలిసి ఉండటం, నిజాయితీగా చెప్పడం అనే రెండు గుణాల వల్ల వస్తుంది.

ఈ రెంటికీ తోడుగా నేటి కాలానికి మూడవ గుణాన్ని కూడా చేర్చుకోవాలి. అది జవాబుదారీతనం. చెప్పినది తప్పని తేలితే ఆ తప్పును ఒప్పుకొని దిద్దుకోవడానికి ఒక మనిషో, ఒక సంస్థో నిలబడి ఉండాలి. పత్రిక తప్పు రాస్తే సవరణ వేయమని అడగవచ్చు. పుస్తకం మీద రచయిత పేరు, ప్రచురణకర్త చిరునామా ఉంటాయి. పేరూ ఊరూ లేకుండా ఒక ఫోను నుంచి ఇంకొక ఫోనుకు దూకే సందేశాన్ని ఎవరిని నిలదీస్తాం?

అయితే అచ్చులో ఉన్నంత మాత్రాన, కింద సంతకం ఉన్నంత మాత్రాన మాట ప్రమాణమైపోదు. ఇందుకు మన ప్రాంతపు చరిత్రలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. నిజాం పాలనలో ఉన్న తెలంగాణంలో తెలుగు కవులు లేరని ఒకప్పుడు ఒక రచయిత తేల్చిచెప్పాడు. ఆ మాట పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి మనసును గాయపరచింది. ఆయన 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రికను ప్రారంభించి నడుపుతున్నారు. పత్రిక చేతిలో ఉన్నది కనుక ఘాటైన సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు. ఆయన అలా ఊరుకోలేదు. తెలంగాణంలోని కవుల వివరాలను, పద్యాలను సేకరించడానికి పూనుకున్నారు. ఆ కృషి ఫలితంగా 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది.

ఈ సంఘటనను మనం సాధారణంగా ఆత్మగౌరవ గాథగా చెప్పుకుంటాం. అది నిజమే. కాని విద్యార్థి దీనిలో నేర్చుకోదగిన మరొక పాఠం ఉన్నది. 'కవులు లేరు' అన్న రచయితకు ఉన్న ఆధారమేమిటి? తన కంటికి వారు కనబడకపోవడమే. 'నాకు తెలియదు' అనే మాటకూ, 'లేదు' అనే మాటకూ మధ్య పెద్ద అగాధం ఉన్నది. చాలామంది పండితులు కూడా ఆ అగాధాన్ని గమనించకుండా దాటేస్తారు. ప్రతాపరెడ్డి ఎదుటివాని పాండిత్యాన్ని ప్రశ్నించే పని పెట్టుకోలేదు. అతని వాక్యానికి ఆధారమున్నదా అని చూశారు. లేదని తేల్చడానికి 354 మందిని వరుసగా నిలబెట్టారు. కోపానికి సమాధానం కోపంతో చెప్పినవారిని చరిత్ర మరచిపోతుంది. ఆధారంతో చెప్పినవారిని గుర్తుంచుకుంటుంది.

ఆయనే 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను ప్రచురించారు. రాజుల యుద్ధాల కంటె సామాన్య ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారాలు ముఖ్యమని భావించి, వాటి ఆనవాళ్ళ కోసం ప్రాచీన కావ్యాలను గాలించారు. కవి వర్ణనలో అతిశయోక్తి ఉంటుంది. రాజు శౌర్యాన్ని వర్ణించే చోట కవిని పూర్తిగా నమ్మలేం. అదే కవి సంతలో అమ్మిన వస్తువుల గురించో, పిల్లలు ఆడిన ఆటల గురించో యథాలాపంగా ప్రస్తావిస్తే, అక్కడ అబద్ధమాడవలసిన అవసరం అతనికి అంతగా ఉండదు. ఒకే గ్రంథం ఒక విషయంలో బలహీనమైన సాక్ష్యంగా, మరొక విషయంలో బలమైన సాక్ష్యంగా నిలబడటం ఇక్కడ చూస్తాం. ఆధారాన్ని తూచడమంటే ఇదే. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం మొట్టమొదట 1955లో లభించినది ఈ గ్రంథానికే. అప్పటికి రెండేళ్ళ క్రితమే రచయిత కన్నుమూశారు.

ఆధారాన్ని తూచేటప్పుడు చూడవలసిన వాటిలో కాలం ఒకటి. 'మా జిల్లా' అనే అంశంపై వ్యాసం రాయమంటే ఒక విద్యార్థి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40,53,028 అని రాశాడనుకుందాం. ఆ అంకె కల్పితం కాదు. 2011 జనాభా లెక్కలలోనిది. అంతకన్న ప్రామాణికమైన ఆధారం దొరకడం కష్టం. అయినా ఆ వాక్యం నేడు తప్పు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి. 2019లో నారాయణపేట కూడా వేరైంది. అంకె పాత జిల్లాది, పేరు కొత్త జిల్లాది. నల్లగొండ విషయంలోనూ అంతే. 2011 నాటి 34,88,809 మందిలో నేటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల ప్రజలు కూడా ఉన్నారు. మంచి ఆధారం కూడా తన కాలానికే మంచిది. ఏ సంవత్సరపు మాట అని అడగని విద్యార్థి నిజమైన అంకెతోనే అబద్ధం రాయగలడు.

పేరును బట్టి పొరబడటం మరొక ప్రమాదం. 'పిల్లలమర్రి' అనగానే పాలమూరు విద్యార్థికి మహబూబ్‌నగర్ దగ్గర ఊడలు దిగి విస్తరించిన మహావృక్షం గుర్తుకు వస్తుంది. సూర్యాపేట విద్యార్థికి కాకతీయుల కాలం నాటి ఆలయాలు, శాసనాలు ఉన్న గ్రామం గుర్తుకు వస్తుంది. పేరు ఒక్కటే కావడం వల్ల రెండింటి వివరాలను కలగలిపి రాసే అవకాశం ఎంతైనా ఉన్నది. ఆ వృక్షం వయస్సు ఏడు వందల ఏళ్ళని ఒకరు, ఎనిమిది వందల ఏళ్ళని మరొకరు అంటారు. ఆలయం కాలాన్ని శాసనం రాతి మీద చెబుతుంది. చెట్టు కాలాన్ని ఎవరు చెప్పారు? అది తరతరాల నోటిమాట. నోటిమాటను తీసిపారేయనక్కరలేదు. దానిని నోటిమాటగానే రాయాలి. 'అని చెప్పుకుంటారు' అనే చిన్న మాటను చేర్చడంలోనే రచయిత నిజాయితీ తెలుస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది విషయం. ఒకరు ఒక విషయంలో ప్రమాణమైతే అన్ని విషయాలలోనూ ప్రమాణమవుతారని భావించడం మనలో పాతుకుపోయిన పొరపాటు. నల్లగొండ జిల్లా నీటి కథ దీనిని బాధాకరంగా బోధిస్తుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో భూగర్భ జలాలలోని ఫ్లోరైడు తరాల తరబడి పిల్లల పళ్ళను గారపట్టించింది, పెద్దల ఎముకలను వంచింది. ఆ నీరు చూడటానికి తేటగానే ఉంటుంది. 'నీళ్ళు కాచి తాగండి' అనేది ప్రతి ఇంట్లో పెద్దలు చెప్పే మంచి మాట. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధుల విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. కాగుతున్న నీటిలో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఫ్లోరైడు జీవి కాదు, లవణం. అది మంటకు చావదు. నీరు కొంత ఆవిరైపోగా మిగిలినదానిలో దాని పాలు మరికొంత పెరుగుతుంది కూడా. ఎంతో ప్రేమగా, ఎంతో అనుభవంతో చెప్పిన మాట కూడా తన హద్దు దాటితే పనికిరాకుండా పోతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇక్కడ ప్రమాణమైనది పరీక్షాఫలితం. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదని, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. శాస్త్రవేత్త మాటను మనం గౌరవించేది ఆయన వేషభాషలను చూసి కాదు. నమూనా ఎక్కడ తీసినదీ, ఎలా పరీక్షించినదీ ఆయన చెప్పగలడు. సందేహం ఉంటే మరొకరు అదే నీటిని మళ్ళీ పరీక్షించి సరిచూడవచ్చు. ఆ తలుపు తెరిచి ఉండటమే శాస్త్రానికి ఉన్న బలం.

ఇప్పుడు ప్రశ్న అడిగిన మరుక్షణమే చక్కని వాక్యాలలో జవాబు రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు విద్యార్థుల చేతికి వచ్చాయి. వాటితో మేలు ఉన్నది. ప్రమాదమూ ఉన్నది. అవి నిజాన్ని రాసినంత ధీమాగానే పొరపాటునూ రాస్తాయి. ఒక్కొక్కప్పుడు లేని పుస్తకానికి పేరు పెట్టి, రచయితను కూడా చూపిస్తాయి. వాక్యం సొగసుగా ఉన్నదంటే విషయం నిజమని అర్థం కాదు. వెదికినప్పుడు మొదట కనిపించినదే మొదటి ప్రమాణమూ కాదు. సాధనం మారింది కాని అడగవలసిన ప్రశ్నలు మారలేదు. ఎవరు చెప్పారు? వారికి ఎలా తెలిసింది? ఎప్పటి మాట? ఈ విషయం వారికి తెలిసినదేనా? చెప్పడంలో వారికి లాభమేమైనా ఉన్నదా? మరొకరు సరిచూశారా? ఈ ఆరు ప్రశ్నలు గుర్తుంచుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. వాటిని అలవాటుగా మార్చుకోవడానికే కళాశాల కావాలి.

దీనిపై కొందరు ఆక్షేపణలు చెబుతారు. పెద్దలను ప్రశ్నించడం అవిధేయత కాదా అన్నది మొదటిది. 'మీకు ఎలా తెలిసింది?' అనే ప్రశ్నను వినయంతో అడిగితే అందులో అవిధేయత లేదు. తెలిసినవారికి ఆ ప్రశ్న సంతోషాన్నే కలిగిస్తుంది. ఎవరు చెప్పినా వినమని, విన్న వెంటనే తొందరపడక విచారించమని చిన్ననాడే శతక పద్యాలలో మనకు నేర్పింది పెద్దలే కదా. అన్నిటినీ అనుమానిస్తే దేనినీ నమ్మలేని స్థితి వస్తుందన్నది రెండవ ఆక్షేపణ. ఇది ఆలోచించదగినది. ఎవరినీ నమ్మనని బీరాలు పలికేవాడు చివరకు తన ఇష్టానికి అనుకూలంగా మాట్లాడేవాడిని నమ్ముతాడు. వైద్యుని, ఉపాధ్యాయుని, పత్రికను ఒకే గాటన కట్టి తోసిపుచ్చడం విచారణ కాదు, సోమరితనం. నమ్మదగినవారిని గుర్తించి నిశ్చింతగా నమ్మగలగడమే ఈ శిక్షణకు పరమార్థం.

మూడవ ఆక్షేపణ సమయాభావం. పాఠ్యప్రణాళిక పూర్తి చేయడానికే రోజులు చాలడం లేదని అధ్యాపకులు అంటారు. ఆ బాధ నిజమే. కాని ఇందుకు కొత్త సబ్జెక్టు అక్కరలేదు, కొత్త పుస్తకమూ అక్కరలేదు. విద్యార్థి రాసే ప్రతి వ్యాసం చివర 'ఈ విషయం నాకు ఎక్కడ తెలిసింది' అని రెండు వాక్యాలు రాయిస్తే చాలు. ఆ రెండు వాక్యాలకు రెండు మార్కులు కేటాయిస్తే మరీ మంచిది. నేడు మన పరీక్షలలో జవాబు ఒప్పా తప్పా అని చూస్తారు తప్ప అది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. గైడులోని వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పగించినవాడికే పూర్తి మార్కులు వస్తున్నప్పుడు, ఇంటికి వెళ్ళి సెల్‌ఫోన్ సందేశాన్ని ప్రశ్నించమంటే అతడు ఎలా ప్రశ్నిస్తాడు? తరగతిలో నేర్పని గుణాన్ని వీధిలో ఆశించడం న్యాయం కాదు.

సంవత్సరానికి ఒక్కసారైనా ప్రతి విద్యార్థి తన ఊరికి సంబంధించిన ఒక మాటను తీసుకొని దాని మూలం వరకు నడిచి వెళ్ళాలి. ఊరి చెరువును ఎవరు తవ్వించారు? గుడి ముందున్న రాతి మీద ఏమి రాసి ఉన్నది? మనం తాగే నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఈ ప్రశ్నలకు సమాధానం గైడులో దొరకదు. ముసలివారిని అడగాలి, శాసనాన్ని చదవగలవారిని వెదకాలి, కార్యాలయంలో కాగితం చూడాలి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రభుత్వ కార్యాలయాలలోని సమాచారాన్ని కోరే హక్కును పౌరులకు ఇచ్చింది. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలని నియమం పెట్టింది. నిజం మూలం దగ్గరకు వెళ్ళే దారి ఇంతగా తెరిచి ఉన్నప్పుడు వదంతి దగ్గరే ఆగిపోవడం మన లోపం. అలా ఒక్కసారి నడిచి వెళ్ళిన విద్యార్థి ఆ దారిని జీవితాంతం మరచిపోడు.

ఇందులో అధ్యాపకుల పాత్ర కూడా చిన్నది కాదు. విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు 'నాకు తెలియదు, చూసి చెబుతాను' అని అనగలిగిన అధ్యాపకుడు ఆ ఒక్క మాటతో వంద పాఠాలు చెప్పినవాడవుతాడు. తెలియనిదానిని తెలియదని అన్నవాడు, తెలుసునని చెప్పినప్పుడు నమ్మదగినవాడు. ఆప్తుని లక్షణం అక్కడే మొదలవుతుంది.

ఏదో ఒక రాత్రి మీ చేతిలోని ఫోను మోగుతుంది. ఒక భయంకరమైన వార్త వచ్చి, అందరికీ వెంటనే పంపమని తొందరపెడుతుంది. ఆ క్షణంలో అధ్యాపకుడు పక్కన ఉండడు, పుస్తకం చేతిలో ఉండదు. మీరూ, ఆ వార్తా మాత్రమే ఉంటారు. పంపడానికి ఒక వేలి కదలిక చాలు. ఆ వేలిని ఒక్క నిమిషం ఆపి 'ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది?' అని అడగగలిగితే మీరు చదివిన చదువు సార్థకమైనట్లే. ఏ ఊరికో చుట్టపుచూపుగా బయలుదేరిన ఒక మనిషి క్షేమంగా ఇల్లు చేరడం ఆ ఒక్క నిమిషం మీదనే ఆధారపడి ఉండవచ్చు.